ఈశాన్య వానలకు ముందే పడవను గట్టెక్కించాలా, నీళ్లలోనే కట్టి ఉంచాలా?

స్వర్ణముఖి (తిరుపతి):
నేను తిరుపతిలో ఉద్యోగం చేసుకుంటున్నాను. మా తమ్ముడు తడ మండలంలో, పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న మా ఊళ్లోనే వేట చేసుకుంటున్నాడు. ఇద్దరం కలిసి కొన్న ఎనిమిది మీటర్ల ఫైబర్ పడవ ఒకటి, దానికి 9.9 హార్స్‌పవర్ పెట్రోలు ఔట్‌బోర్డు ఇంజను ఒకటి ఉన్నాయి. ఏటా అక్టోబరు వచ్చేసరికి మా ఇద్దరికీ ఇదే వాదన. దసరా దాటగానే పడవను గట్టెక్కించి సంక్రాంతి దాకా కప్పి ఉంచాలని నేనంటాను. తుఫాను కబురు వచ్చినప్పుడు లాగుకుంటే చాలదా అని వాడంటాడు. నా భయానికి కారణం 2023 డిసెంబరు. మిచాంగ్ తుఫాను 5వ తేదీన తీరం దాటింది ఎక్కడో బాపట్ల దగ్గర; అయినా అంతకు ముందు మా వైపు కురిసిన వానకే, కొయ్యకు కట్టిన పడవ నిండిపోయి ఉన్నచోటే కూర్చుండిపోయింది, వెనక బిగించిన ఇంజను పూర్తిగా మునిగింది. దాన్ని బాగు చేయించడానికి పెట్టిన డబ్బు, వేట పోయిన రోజులు కలిపి చూసుకుంటే ఆ ఏడాది మిగిలింది ఏమీ లేదు. అనుభవం ఉన్నవారు నిర్మొహమాటంగా చెప్పగలరు.

దొరువుగట్టు (వాకాడు మండలం):
అన్నా, నిర్మొహమాటంగా అన్నారు కాబట్టి చెబుతున్నాను, ఈ విషయంలో మీ తమ్ముడిదే సరైన మాట. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కాళంగి, ఆరణి నదుల నీరు సరస్సులోకి దిగుతుంది, ఇసుక మేటలతో పూడుకుపోయిన ముఖద్వారాలు ఆ ఒరవడికే కొంత తెరుచుకుంటాయి, సముద్రపు రొయ్య పిల్ల లోపలికి వచ్చేది ఆ దారినే. ఏడాదంతా ఎదురుచూసిన నీళ్లు వచ్చాక పడవను ఒడ్డున పడుకోబెట్టమనడం, వరి కోతల రోజున కొడవలి అటక మీద పెట్టమన్నట్టే ఉంటుంది. సముద్రానికి పోయే మాకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు ఎలాగూ వేట నిషేధం. రంగులు, అతుకులు, ఇంజను పనులు అన్నీ ఆ ఎండల్లోనే పూర్తి చేసుకుంటాము. ఇంకొక మాట. మీది ఫైబర్ కాబట్టి సరిపోయింది గాని, చెక్క పడవను మూడు నెలలు ఒడ్డున ఉంచితే వాన తెరిపి ఇచ్చిన ప్రతిసారీ పలకలు ముడుచుకుని సందులు విచ్చుకుంటాయి. మా నాన్న ఆ సందుల్లో నూలు దట్టించి, గుగ్గిలం కాచి పూసి, రెండు రోజులు నీళ్లలో నానబెట్టిన తరువాతే పడవలో కాలు పెట్టేవారు.

కార్బురేటరు (సూళ్లూరుపేట):
వృత్తిరీత్యా నేను ఇంజన్ల మెకానిక్కును. పైన ఇద్దరూ పడవ గురించే మాట్లాడుతున్నారు, నాకు మాత్రం ఇందులో రెండు సమస్యలు కనిపిస్తున్నాయి.

మొదట పడవ సంగతి. దాన్ని ముంచింది తుఫాను గాలి కాదు, పైనుంచి పడిన వాన. ఒక చదరపు మీటరు మీద ఒక సెంటీమీటరు వాన పడితే పది లీటర్లు. ఎనిమిది మీటర్ల పడవలో పైకి తెరిచి ఉన్న జాగా పన్నెండు చదరపు మీటర్లని అనుకుందాము. ఒక్క రాత్రిలో పది సెంటీమీటర్లు కురిస్తే లోపల 1,200 లీటర్లు చేరతాయి, అంటే టన్నుకు పైనే. నీళ్లలో కట్టిన పడవకు అడుగున నీరు పోయే రంధ్రానికి బిగించిన బిరడా తీసే వీలు లేదు కాబట్టి ఆ బరువుకు వెనక భాగం దిగుతుంది, దిగిన చోట అంచు మీదుగా సరస్సే లోపలికి వస్తుంది. గట్టు మీద పెట్టిన పడవకైతే ముక్కు పైకి, వెనక భాగం పల్లానికి ఉండేలా నిలిపి, అడుగు బిరడా తీసి దాచుకుంటే ఎంత వానైనా వచ్చినట్టే పోతుంది. బిరడా మరిచిపోయి పైన పట్ట కప్పి వెళ్లేవారిని చాలామందిని చూశాను. పట్ట మధ్యలో గుంట పడి అది చిన్న చెరువవుతుంది, చివరికి చిరిగి మొత్తం నీరు లోపలికి దిగుతుంది.

రెండవది ఇంజను. పడవ నీళ్లలో ఉన్నా, గట్టున ఉన్నా, ఇంజనుకు మాత్రం వానాకాలపు రాత్రుల్లో అక్కడ పని లేదు. ఇద్దరు మోయగల బరువే కాబట్టి విప్పి ఇంటికి తెచ్చుకోవచ్చు. వారానికి మించి వాడకపోతే మంచినీళ్ల డ్రమ్ములో నిలబెట్టి పది నిమిషాలు నడిపి లోపలి ఉప్పు కడగాలి, తరువాత పెట్రోలు గొట్టం ఊడదీసి కార్బురేటరులో ఉన్నది అయిపోయి దానంతట అదే ఆగే వరకు నడవనివ్వాలి. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో ఇరవై శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ మోతాదు మించితే నీరు, ఇథనాల్ కలిసి ట్యాంకు అడుగుకు దిగిపోతాయి. ఆ అడుగుదే ముందుగా ఇంజనులోకి పోతుంది. పండుగ తరువాత నా దగ్గరికి వచ్చే ఇంజన్లలో ఎక్కువ వాటి జబ్బు ఇదే. కింది గేరు నూనెను రెండు చుక్కలు వేలి మీద వేసుకుని చూడండి: పాలు కలిపిన కాఫీలా కనిపిస్తే సీలు పోయి నీరు చేరిందని అర్థం, అలాగే వదిలేస్తే పళ్లు తుప్పు పడతాయి.

చిత్తూరు చలి (మిషిగన్):
నేను చిత్తూరులో పుట్టి పెరిగినవాడిని. తిరుమల తెప్పోత్సవంలో, కాణిపాకం తెప్పోత్సవంలో చూసిన తెప్పలు తప్ప ఈ దేశం వచ్చేదాకా పడవ ఎరగను. ఇక్కడ మాత్రం ఈ ప్రశ్నకు చర్చే లేదు. అక్టోబరులో పెద్ద చక్రాల క్రేను రెండు వెడల్పాటి పట్టీలను పడవ కిందుగా వేసి ఊయలలా పైకెత్తుతుంది, మళ్లీ నీళ్లలోకి దించేది ఏప్రిల్ చివరనో మేలోనో. నీరు గడ్డకట్టినప్పుడు తొమ్మిది శాతం వరకు ఉబ్బుతుంది కాబట్టి ఇంజను సందుల్లో గ్లాసెడు నీరు మిగిలినా ఇనుప దిమ్మ పగులుతుంది. అందుకే నీరంతా వంపి, విషం తక్కువైన గులాబీ రంగు ప్రొపిలీన్ గ్లైకాల్ ద్రవాన్ని గొట్టాల్లోకి ఎక్కిస్తారు. పైకెత్తిన వెంటనే, తడి ఆరకముందే అడుగున పట్టిన నాచును, గుల్లలను ఒత్తిడి నీటితో కడుగుతారు. ఎండిపోయాక అవి సిమెంటులా పట్టుకుంటాయి.

మీకు ఎక్కువగా పనికివచ్చేది నిలబెట్టే పద్ధతి అనుకుంటాను. బరువంతా పడవ అడుగు వెన్ను మీద, అక్కడ పెట్టిన దిమ్మల మీద పడాలి. పక్కన పెట్టే ఊతలు పడవ ఒరగకుండా ఆపడానికే. మొదటి ఏడాది నేను ఖర్చు కలిసివస్తుందని ఊతల మీదే బరువు వేశాను, మే నెలలో చూస్తే ఫైబరు అడుగు అరచేయంత మేర లోపలికి సొట్టపడి ఉంది.

దొరువుగట్టు:
మిషిగన్ అన్నగారి మీద గౌరవం ఉంది గాని, అక్కడ నీళ్లు రాయి అవుతాయి కాబట్టి పడవ ఎత్తుతారు, ఎత్తకపోయినా చేపలు పట్టేందుకు పోయేవారు తక్కువ. మా నీళ్లు డిసెంబరులోనే అన్నం పెడతాయి. మెకానిక్ గారి లెక్కను మాత్రం కాదనలేను. ఇంజను విప్పుకుని పోవాలన్నదానికి నేను కూడా కట్టుబడతాను. పడవను మూడు నెలలు ఎత్తడానికి మాత్రం ఒప్పుకోను.

చేపలబుట్ట (తడ):
కబురు వచ్చినప్పుడు లాగుదామనే తమ్ముళ్లందరికీ ఒక ప్రశ్న: ఆ రోజు ఎవరు లాగుతారు? తడిసిన ఫైబర్ పడవకు కనీసం ఎనిమిది మంది కావాలి, వాయుగుండమని టీవీలో చెప్పిన సాయంత్రం ఊళ్లో ఉన్న ప్రతి మగవాడూ తన పడవ దగ్గరే ఉంటాడు. మిచాంగ్ ముందు రోజు రాత్రి మా పడవకు తాడు పట్టింది నేను, మా అత్తగారు, ఇంటర్ చదివే మా వాడు. తాటి మొద్దులు వరుసగా పరిచి, వెనకది తీసి ముందుకు వేస్తూ, ముప్పై అడుగులు లాగేసరికి తెల్లవారింది. ఇంతా చేస్తే పక్కన మా మరిది పడవ గట్టు మీది నుంచే తేలిపోయింది, ఎందుకంటే సరస్సు పొంగి గట్టెక్కింది, అతని పడవకు బిరడా బిగించే ఉంది, తాడు మాత్రం దేనికీ కట్టలేదు. మాది బిరడా తీసి సరుగుడు చెట్టు మొదలుకు రెండు తాళ్లు కట్టాము. లోపలికి నీరు వచ్చింది, పోయింది, పడవ అక్కడే ఉంది.

కార్బురేటరు:
అమ్మా, మీరు చెప్పినది అక్షరాలా నిజం. గట్టున పెట్టిన పడవను కూడా కట్టాలన్న సంగతి నేను రాయవలసింది, మరిచాను. మనుషుల కొరతకు చేతితో తిప్పే వించి (తాడును చుట్టుకుంటూ పడవను లాగే సాధనం) ఒకటి నాలుగు ఇళ్లవారు కలిసి కొనుక్కుంటే ఇద్దరితోనే పని అవుతుంది. కాకపోతే తాడును పడవ ముక్కుకు బలంగా ఉన్న చోటనే తగిలించాలి, చిన్న కొక్కేనికి తగిలిస్తే కొక్కెం ఊడి వచ్చి మనిషి ముఖానికి తగులుతుంది.

స్వర్ణముఖి:
అందరికీ కృతజ్ఞతలు. ఇదంతా ఆదివారం ఊరికి వెళ్లి తమ్ముడికి చదివి వినిపించాను. మూడు నెలల మాట నేను వదులుకున్నాను, రొయ్యల సంగతి నాకు తట్టనే లేదు. వాడు కూడా ఒక మెట్టు దిగాడు: బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినగానే, వాయుగుండం అయ్యేదాకా ఆగకుండా, పడవ గట్టెక్కాలి. మొద్దులు ఇప్పటినుంచే ఒడ్డున పడి ఉంటాయి, పక్కింటి రెండు కుటుంబాలు వించిలో వాటాకు ఒప్పుకున్నాయి. ఇంజను రోజూ సాయంత్రం ఇంటికి వస్తుంది. దాన్ని మోయడానికి ఎవరూ దొరకని రోజు ఏం చేస్తావని అడిగితే, రెండు చక్రాల బండి ఒకటి చేయించు, దాని డబ్బు మాత్రం తిరుపతి వాటాలో రాసుకో అన్నాడు.