ఎవ్‌దె హెసాపా, ఎవ్‌దెకి హెసాపా?

తుంగభద్ర: తుర్కీ సామెత ఒకటి సగం గుర్తొచ్చి నసపెడుతోంది. "ఎవ్‌దె హెసాప్ చార్షియ ఉయ్‌మజ్", ఇంట్లో వేసుకున్న లెక్క బజారుకు పొసగదని. "ఎవ్‌దె" తర్వాత ఇంకో అక్షరం ఉండాలి కదూ?

పాతకాపు: కి. "ఎవ్‌దెకి హెసాప్". ఉత్త "ఎవ్‌దె" క్రియకే అతుకుతుంది: ఎవ్‌దె ఒతురుయొర్, ఇంట్లో ఉంటున్నాడు. నామం ముందు నిలబెట్టాలంటే కి తగిలించాలి, మన "లోని" లాగ. అన్నట్టు, చార్షియ బదులు "పజారా" అనేవాళ్లూ ఉన్నారు.

అక్షరపిచ్చి: ఒతుర్‌మక్ దగ్గర మనవాళ్లు తప్పకుండా జారతారండీ. కూర్చోవడమూ అదే, కాపురముండటమూ అదే. "అంకరద ఒతురుయొర్" అంటే అంకారాలో ఉంటున్నాడని. కుర్చీలో కూర్చుని ఉంటే "సందల్యెదె", వెళ్లి కూర్చుంటే "సందల్యెయె". మనకి రెంటికీ "కుర్చీలో"నే కాబట్టి రెండోచోట కూడా దె పెట్టేస్తాం.

విభక్తి: ముందరి అచ్చుని బట్టి ద, దె అవడం సరే, త, తె సంగతో? మాట చివర ఫ, స, త, క, చ, ష, హ, ప ఉంటే ద కాస్తా త అవుతుంది: సొకక్త (వీధిలో), పారిస్‌తె. గుర్తుకి అక్కడి పిల్లలు వల్లించేది "ఫిస్తిక్‌చి షహాప్", పిస్తాలమ్మే షహాప్. ఆ ఎనిమిదీ అందులోనే ఉన్నాయి. ఏడాది అంకెల్లో రాసినా చివరి మాట పలికి చూసుకోవాలి: 1923కి తె (ఉచ్), 1928కి దె (సెకిజ్), 1940కి త (కిర్క్). ఇక విడిగా రాసే దె వేరు, అది "కూడా". ఎవ్‌దె ఇంట్లో, ఎవ్ దె ఇల్లు కూడా. ఆ దె ఎన్నడూ తె కాదు.

తుంగభద్ర: మాస్టారూ, నేనడిగింది కి గురించి.

సంధికాలం: కి పారసీకం నుంచి వచ్చిందండీ. అందుకే అచ్చుల పొత్తుకి, అంటే ముందరి అచ్చుని బట్టి ప్రత్యయం అచ్చు మారడానికి, లొంగదు. మసదకి (బల్లమీది) అంటారు గాని అచ్చు మార్చరు.

పాతకాపు: పారసీకం కి విడిగా రాసే సముచ్చయం. ఈ ప్రత్యయం ప్రాచీన తుర్కిక్‌దే. తుర్కీకి చుట్టమైన కజఖ్ భాషలో దీని జోడు బుద్ధిగా మారుతుంది: ఉయ్‌దెగి (ఇంట్లోని), కలదగి (ఊళ్లోని), ఆ రెండు "గి"ల అచ్చులూ వేరు. తుర్కీలోనూ దున్‌కు (నిన్నటి), బుగున్‌కు (ఇవాళ్టి) మారాయి. ఇంక పారసీకం ఎక్కడ?

అక్షరపిచ్చి: "దె" రుచి చూడాలంటే పాత తుర్కీ సూఫీ కవి యూనుస్ ఎమ్రే దగ్గరికే పోవాలి. "బిర్ బెన్ వార్‌దిర్ బెందె, బెందెన్ ఇచెరి". నాలో ఒక నేను ఉంది, నాకంటే లోపల. బెందె సప్తమి, బెందెన్ పంచమి, మధ్య ఒక్క నకారం తేడా! పాత రూపం "ఇచెరు". దాన్ని "ఇచెరి" చేసి పాడితే నాకు చప్పగా ఉంటుంది.

విభక్తి: చప్పదనం మీ చెవిదేమో గానీ, భిన్నాల్లో సప్తమి చూశారా? దొర్త్‌తె ఉచ్ అంటే నాలుగింట మూడు. మన "ఇంట"లాగే ఉందే! కాకపోతే శాతం దగ్గర మనం నూటికి పది అంటాం, వాళ్లు "యుజ్‌దె ఒన్".

సంధికాలం: అయితే సామెతని "ఇంట లెక్క అంగడికి పొసగదు" అందాం, కి గొడవే ఉండదు. అయినా నామం ముందు కి తప్పదన్న మాట ఒప్పుకోను. "ఎవ్‌దె బకిమ్" అంటారు, ఇంటి దగ్గర సంరక్షణ. కి ఏదీ?

పాతకాపు: బకిమ్ బక్‌మక్ ధాతువులోంచి పుట్టిన క్రియానామం, కాబట్టి దె పట్టుకుంది. హెసాప్ అరబ్బీ మాట.

సంధికాలం: తెదావి కూడా అరబ్బీయేగా! "ఎవ్‌దె తెదావి", ఇంటి దగ్గర వైద్యం. కి లేకుండానే చెల్లుతోంది. పైగా లెక్క వెయ్యడం పని కాదా?

పాతకాపు: సామెతలో ఉన్నది వెయ్యడం కాదండీ, వేసిపెట్టుకున్న లెక్క.

సంధికాలం: అది మీరు కి చూశాక చేసిన వ్యాఖ్యానం.