అప్‌డేట్: పొద్దున్నే కుంటే మా పాప గురించి

"నాలుగేళ్ల పాప పొద్దున లేవగానే కుంటుతోంది, పది గంటలకల్లా మామూలుగా ఆడుకుంటోంది, ఇవి ఎదిగే నొప్పులేనా?" అని నాలుగు నెలల క్రితం అడిగాను. కాదండి. జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థరైటిస్ అట, అంటే కారణం తెలియకుండా పిల్లల్లో వచ్చే కీళ్లవాపు జబ్బు.

మొదట ఎక్స్‌రే నార్మల్, ఆర్‌ఏ ఫ్యాక్టర్ (కీళ్లవాతానికి చేసే రక్తపరీక్ష) నెగెటివ్ అనేసరికి మేమూ ఊరుకున్నాం. ఈ జబ్బున్న పిల్లల్లో ఎక్కువమందికి ఆ పరీక్ష నెగెటివే వస్తుందని తర్వాత తెలిసింది. పిల్లల రుమటాలజిస్ట్ (కీళ్ల జబ్బుల డాక్టర్) రెండు మోకాళ్లూ పట్టి చూసి, నా చేతిని కూడా ఎడమ మోకాలి మీద పెట్టించారు. కుడిదానికంటే వెచ్చగా ఉంది. ఇన్నాళ్లూ రోజూ స్నానం చేయించిన చేతులే ఇవి, ఎలా పట్టించుకోలేదో! 16 ఏళ్లలోపు మొదలై, కీలువాపు 6 వారాలు దాటి, వేరే కారణం దొరక్కపోతే ఈ పేరు పెడతారట.

మత్తిచ్చి మోకాల్లోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేశారు. వాపు బాగా తగ్గింది. ఫిజియోథెరపీ నడుస్తోంది.

ఇప్పుడు నా టెన్షనంతా కళ్ల గురించే. ఈ జబ్బుతో పాటు ఏఎన్‌ఏ అనే రక్తపరీక్ష పాజిటివ్ ఉన్న చిన్నపిల్లలకు యువైటిస్ (కంటి లోపలి వాపు) వచ్చే ప్రమాదం ఎక్కువ. చాలాసార్లు కన్ను ఎర్రబడదు, నొప్పీ ఉండదు, లోలోపల చూపు దెబ్బతినొచ్చు. అందుకే మూడు నెలలకోసారి స్లిట్ ల్యాంప్ పరీక్ష (కంటి డాక్టర్ సన్నని వెలుగు వేసి మైక్రోస్కోప్‌తో కన్ను చూసేది) చేయిస్తున్నాం. మీ పిల్లలకూ ఈ జబ్బు ఉంటే, మోకాలు తగ్గిందని కంటి పరీక్ష మాత్రం మానకండి, ప్లీజ్.

నిన్న పొద్దున నన్ను లేపకుండా, తనే మంచం దిగి వంటింట్లోకి పరిగెత్తింది.