అప్‌డేట్: అయిదేళ్లు నిండిన యాంటీ డంపింగ్ సుంకం సంగతి

యాంటీ డంపింగ్ సుంకం అంటే విదేశీ కంపెనీలు తమ దేశంలో కన్నా తక్కువ ధరకు ఇక్కడ అమ్మే సరుకు మీద వేసే అదనపు దిగుమతి సుంకం. దాన్ని ఇంకా కొనసాగించాలా అని చూసే సమీక్ష నడుస్తుండగా 5 ఏళ్ల గడువు తీరితే సుంకం కట్టాలా అని ఇంతకుముందు అడిగాను, జవాబు తేలింది. సమీక్ష మొదలైనంత మాత్రాన సుంకం దానంతటదే కొనసాగదు. గడువు తీరకముందే ఆర్థిక శాఖ పొడిగింపు నోటిఫికేషన్ ఇవ్వాలి. ఆలస్యంగా ఇచ్చిన పొడిగింపు చెల్లదని సుప్రీంకోర్టు 2017లో కుమ్‌హో పెట్రోకెమికల్స్ కేసులో తేల్చింది. సమీక్ష పూర్తయ్యేదాకా ఇచ్చే పొడిగింపు ఏడాదికి మించకూడదు.

చాలామంది పొరబడేది ఇక్కడే: డీజీటీఆర్ (ఈ కేసులను విచారించే వాణిజ్య శాఖ విభాగం) సిఫార్సు మాత్రమే చేస్తుంది, సుంకం వేసేది ఆర్థిక శాఖ. సిఫార్సు చూసి లెక్క కట్టకండి, గెజిట్ చూడండి. 2020 జూన్ 10న 5 ఏళ్లకు వేసిన సుంకం 2025 జూన్ 9తో ముగుస్తుంది. నోటిఫికేషన్‌లో వేరే తేదీ ఉంటే అదే లెక్క.

టన్నుకు డాలర్లలో చెప్పిన సుంకానికి బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి సరుకు వివరాలతో కస్టమ్స్‌కు ఇచ్చే పత్రం) దాఖలు చేసిన రోజు మారకం రేటు వర్తిస్తుంది. సుంకాన్ని కూడా కలిపాకే ఐజీఎస్టీ (దిగుమతులపై పడే జీఎస్టీ) లెక్కించాలి. కస్టమ్స్ సుంకంపై అదనంగా పడే సోషల్ వెల్ఫేర్ సర్‌ఛార్జ్ మాత్రం యాంటీ డంపింగ్ సుంకం మీద పడదు.

సమీక్షలో మీ వాదన వినిపించాలంటే డీజీటీఆర్ ఇచ్చే ప్రశ్నావళికి గడువులోపే జవాబివ్వండి. గోప్యమైన ప్రతితోపాటు, అందరూ చూడగల ప్రతి కూడా తప్పనిసరి. అందులో అంకెలు దాచినా సారాంశం అర్థమయ్యేలా ఉండాలి, లేకపోతే మీ జవాబును పక్కన పెట్టేయొచ్చు.