డిసెంబరులో అరకు, వంజంగి: అక్కడివారికి భారం కాకుండా వెళ్లి రావడం ఎలా?

ప్రశ్న – మూసీతీరం, హైదరాబాదు

అందరికీ నమస్కారం. డిసెంబరు రెండవ పక్షంలో మా కార్యాలయ మిత్రులం కొందరం, పిల్లాపాపలతో కలిపి ఇరవై మందికి పైగా, అరకులోయకూ పాడేరు దగ్గరి వంజంగి కొండకూ వెళ్లాలనుకుంటున్నాం. ఒక ట్రావెల్స్ సంస్థ పంపిన కార్యక్రమ పత్రంలో కొండ మీద గుడారాలు, రాత్రి చలిమంట, పెద్ద స్పీకర్లతో పాటలు, మధ్యలో అరగంట ‘గిరిజన నృత్యం’, మర్నాడు వలిసె పూల మధ్య ఫోటోలు అన్నీ ఉన్నాయి గాని, ఆ కొండ ఎవరిదో, ఆ చేను ఎవరిదో, నాట్యం చేసేవారికి ఎంత ముడుతుందో మాత్రం ఎక్కడా లేదు. అడిగితే ‘అవన్నీ ప్యాకేజీలోనే ఉన్నాయండి’ అన్నారు.

ప్రయాణం మానుకునే ఉద్దేశం లేదు. ఎక్కడ బస చేయాలి, ఏం తినాలి, ఫోటోల విషయంలో పద్ధతి ఏమిటి, అక్కడి పిల్లలకు పంచాలని మావాళ్లు కొనదలచిన చాక్లెట్లు, నోటు పుస్తకాలు తీసుకురావచ్చా అన్నవి ఆ ప్రాంతం తెలిసినవారు చెబితే ఈ పత్రాన్ని మార్చి రాసుకుంటాం.

జవాబు – మన్యం మాస్టారు, పాడేరు

మూసీతీరం గారూ, ముందు మీ తేదీల సంగతి. డిసెంబరు చివరి వారంలోనూ, శని ఆదివారాల్లోనూ ఘాట్ రోడ్డు మీద వాహనాలు కదలవు. మా ఏజెన్సీలో, అంటే ఈ గిరిజన మన్యంలో, రోడ్డు లేని ఊళ్ల నుంచి రోగులనూ గర్భిణులనూ ఇప్పటికీ డోలీ కట్టి మోసుకొస్తారు. అంత అవస్థపడి రోడ్డు దాకా తెచ్చిన మనిషి ఎక్కిన అంబులెన్సు పర్యాటకుల కార్ల వెనుక చిక్కుకుంటే ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. సోమవారం నుంచి గురువారం లోపు పెట్టుకోండి. నాలుగైదు కార్లు కట్టుకుని రావడం కంటే విశాఖ నుంచి అరకు దాకా కిరండూల్ రైలు ఎక్కడం మేలు. 2017 నుంచి దానికి అద్దాల పెట్టె కూడా ఉంది. అక్కడి నుంచి పాడేరుకు బస్సులూ, స్థానికుల జీపులూ దొరుకుతాయి.

మీరు వచ్చే నెల మాకు తీరిక నెల కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. అది కాఫీ పండ్ల కోత కాలం. సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియాల తీగల పక్కన పెరిగే ఆ మొక్కలను చూసి చాలామంది అడవి అనుకుని లోపలికి నడిచిపోతారు గాని, అవి ఒక్కో కుటుంబం బతుకుదెరువుగా ఉన్న చిన్న చిన్న తోటలు. ఎర్రటి పండు ముచ్చటగా ఉందని కొమ్మ వంచితే విరుగుతుంది, దానితో వచ్చే ఏటి కాపు కూడా పోతుంది. ఇళ్ల ముందు ఆరబోసిన గింజల పక్కన బండి ఆపి దుమ్ము లేపవద్దు. వలిసెను అందరూ పూలతోట అంటున్నారు, అది నూనెగింజ పంట. ఫోటో కోసం చేలోకి దిగితే తొక్కినంత మేరా గింజ రాదు. గట్టు మీద నుంచి తీసుకోండి. లోపలికి కాస్త దారి వదిలి కొద్దిపాటి రుసుము అడిగే రైతు కనిపిస్తే బేరమాడకుండా ఇవ్వండి.

ఇక గుడారాలు, చలిమంట, స్పీకర్లు మూడూ కొట్టివేయండి. చలిమంటకు కట్టెలు ఆ వాలు మీది చెట్ల నుంచే వస్తాయి. కొండ కింది ఊళ్లవారు తాగేది ఊట నీరు, గెడ్డ (వాగు) నీరు. పైన మీరు వదిలినదంతా వర్షానికి అక్కడికే దిగుతుంది. రాత్రి పాడేరులో పడుకుని, తెల్లవారుజామున నడిచి ఎక్కి, మేఘాలు చూసి, తెచ్చిన ప్రతి సీసానూ మీతోనే దించుకుపోండి. ‘మేము చెత్తడబ్బాలోనే వేశామండి’ అని గర్వంగా చెప్పేవారిని, కొండ మీది ఆ డబ్బాను ఎవరు ఖాళీ చేస్తారని ఒకసారి అడగాలని ఉంటుంది.

జవాబు – సాగరతీరం, విశాఖపట్నం

బస గురించి నాకు తెలిసినది చెబుతాను. అల్లూరి సీతారామరాజు జిల్లాలో మీరు తిరగబోయే ప్రాంతం గిరిజన ప్రాంతాలకు ప్రత్యేక రక్షణ ఇచ్చే రాజ్యాంగంలోని ఐదవ షెడ్యూలు కిందకు వస్తుంది. 1970లో సవరించిన భూబదలాయింపు నిబంధనల ప్రకారం, ఏజెన్సీలోని భూమి అమ్మకం రూపంలో గాని, లీజు రూపంలో గాని గిరిజనేతరుల చేతికి పోతే ఆ లావాదేవీ చెల్లదు. ప్రభుత్వం కూడా అక్కడి భూమిని గిరిజనేతరులకు లీజుకు ఇవ్వరాదని 1997లో సుప్రీంకోర్టు, సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో తీర్పు చెప్పింది. ఆ వివాదం పుట్టింది మీరు చూడబోయే బొర్రా గుహల పరిసరాల్లోని గనుల లీజుల నుంచే.

ఇంత చట్టం ఉన్నా, కాగితం మీద ఒకరు, గల్లాపెట్టె దగ్గర మరొకరు ఉండే బసలు లేకపోలేదు. కాబట్టి గది తీసుకునే ముందు స్థలం ఎవరిది, నడిపేది ఎవరు, వంటవారూ పనివారూ ఏ ఊరివారు అని మర్యాదగా అడగండి. సూటిగా జవాబు రాకపోతే మరో చోటు చూసుకోండి. రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ అతిథి గృహాలు ఎలాగూ ఉన్నాయి. గిరిజన కుటుంబాలు నడిపే ఇళ్లలో ఉండాలనుకుంటే ఇరవై మంది ఒకేచోట దిగవద్దు. వేసవి దాకా వాడుకోవలసిన నీళ్లు వారివి. రెండు మూడు ఇళ్లకు సర్దుకోండి.

జవాబు – లోయ జీపు, అరకు

మాస్టారు గారు చెప్పినవాటిలో చాలావరకు నేనూ ఒప్పుకుంటాను గాని, శని ఆదివారాలు రావద్దన్న మాట జీపు నడిపి బతికేవాడిగా నాకు మింగుడుపడదు. మా వారం సంపాదనలో పెద్ద భాగం ఆ రెండు రోజులదే. నా లెక్కలో ఎక్కువ నష్టం చేసేవాడు వేరే ఉన్నాడు: పొద్దున్నే విశాఖలో బయలుదేరి, అన్నం, కూర, నీళ్లు, మందు సీసాలతో సహా అన్నీ కారులోనే తెచ్చుకుని, చాపరాయి గెడ్డ ఒడ్డున తిని, చెత్త వదిలి సాయంత్రానికి దిగిపోయేవాడు. వాడి వల్ల లోయకు ఒక్క రూపాయి రాదు.

మీరు ఇక్కడే తినండి. ముందు రోజు చెబితే చోడి (రాగి) అంబలి, సామల అన్నం, ఏజెన్సీ రాజ్‌మా కూర వండిపెట్టేవారున్నారు, అడ్డాకు విస్తట్లో వడ్డిస్తారు. బొంగు చికెన్ తప్పకుండా రుచి చూడండి గాని, ప్రతి వంటకూ పచ్చి వెదురు కొత్తగా నరకవలసిందే గనుక పూటపూటా అదే అడగకండి. కాఫీ విషయంలో జాగ్రత్త అవసరం. అరకు వ్యాలీ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చాక ఆ పేరు పెట్టుకున్న పొడులు ఎన్నో వచ్చాయి. గిరిజన సహకార సంస్థ దుకాణంలో గాని, పండించిన రైతు దగ్గర గాని కొనడం మంచిది.

మూసీతీరం

ముగ్గురికీ కృతజ్ఞతలు. తేదీలను సోమవారం నుంచి బుధవారానికి మార్చుకున్నాం, గుడారాలూ స్పీకర్లూ తీసేశాం. నృత్యం విషయంలో మాత్రం మాలో మాకే తేడా వచ్చింది. డబ్బిచ్చి ఆడించుకోవడం అవమానమని కొందరూ, అది కూడా లేకపోతే పిల్లలకు అక్కడి సంస్కృతి ఏం తెలుస్తుందని కొందరూ అంటున్నారు. చాక్లెట్ల సంగతి కూడా ఎవరూ చెప్పలేదు.

జవాబు – మన్యం మాస్టారు, పాడేరు

మీ పత్రంలోని ‘గిరిజన నృత్యం’ అంటే థింసా అయి ఉంటుంది. అది మా పండుగల్లో, పెళ్లిళ్లలో ఆడేది; చైత్రంలో ఇటుకల పండుగకు ఊరూరా చూస్తారు. డబ్బు తీసుకుని ఆడటంలో అవమానం ఏమీ లేదు, అది వారి శ్రమకు కూలి. అవమానం ఎక్కడంటే, తాగుతూ కూర్చున్నవారి ముందు అర్ధరాత్రి నిలబెట్టడంలోనూ, మధ్యవర్తి సగం మింగడంలోనూ ఉంది. బృందంలోని పెద్దామెతో మీరే నేరుగా మాట్లాడి, పగటిపూట సమయం, మొత్తం ముందే ఖాయం చేసుకుని, డబ్బు ఆమె చేతికే ఇవ్వండి. వారు పిలిస్తే మీ ఆడవాళ్లు, పిల్లలు ఆ వరుసలో చేయి కలపవచ్చు. ఫోటోకు ముందు ప్రతిసారీ అడగండి. సంప్రదాయ నగలు పెట్టుకున్న పోర్జ, గదబ తెగల ముసలమ్మల మొహం మీదకు ఫోన్ పెట్టడం ఇక్కడ రోజూ చూస్తున్నాం. ‘వద్దు’ అంటే నవ్వి వదిలేయండి.

చాక్లెట్లు వద్దు. వాటి కోసం పిల్లలు మలుపుల దగ్గర బళ్లకు అడ్డంగా పరుగెత్తుతున్నారు. నోటు పుస్తకాలైతే బడికి వెళ్లి, ప్రధానోపాధ్యాయుడిని ఏం కావాలో అడిగి ఆయనకే అప్పగించండి.

జీపు తమ్ముడూ, నీ శనివారం బేరాన్ని నేను కాదనను. ఇరవై మంది గుంపులు వారం మధ్యలో వస్తే నీకు మంగళవారం కూడా కిరాయి దొరుకుతుందన్నదే నా మాట.

చివరగా, మీరున్న రోజుల్లో దగ్గరలో ఎక్కడ సంత జరుగుతుందో బస ఇచ్చినవారిని అడిగి, పసుపూ రాజ్‌మా అక్కడే కొనండి. కొందరు కుంచం, అడ్డ కొలతల్లో అమ్ముతారు. చిల్లర నోట్లు పెట్టుకుని రండి, కొండల వెనుక సిగ్నల్ అందని చోట ఫోన్ చెల్లింపులు పనిచేయవు.