డబ్లిన్ నుంచి ఎడిన్‌బరా, గ్లాస్గో ట్రిప్: మనిషికి 450 యూరోలు సరిపోతాయా?

డబ్లిన్ నుంచి, కొత్తగా వచ్చిన విద్యార్థి:

అన్నలకీ అక్కలకీ నమస్కారం. సెప్టెంబరులో మాస్టర్స్ చేయడానికి డబ్లిన్ వచ్చాను. మాది తణుకు దగ్గర. ఈస్టర్ సెలవుల్లో తొమ్మిది రోజులు ఖాళీ ఉంది. ముగ్గురం కలిసి గాల్వే, మోహర్ క్లిఫ్స్ (సముద్రం ఒడ్డున నిలువు కొండలు), బెల్‌ఫాస్ట్, ఎడిన్‌బరా, గ్లాస్గో, ఇన్వర్‌నెస్ చుట్టేద్దామనుకుంటున్నాం. విమానం టికెట్లు చవగ్గా కనిపిస్తున్నాయి, ఈ రాత్రికే కొనేద్దామంటున్నాడు మా రూమ్మేట్. మనిషికి 450 యూరోలు పెట్టుకున్నాం. సరిపోతాయా? ఉండటానికి, తినడానికి ఎలా చేస్తే మంచిది?

గ్లాస్గో నుంచి:

తమ్ముడూ, టికెట్లు మాత్రం ఈ రాత్రికి కొనకండి. నేను డబ్లిన్‌లో చదువుకున్నాను, పెళ్ళయ్యాక గ్లాస్గో వచ్చి ఎనిమిదేళ్ళయింది. రెండు వైపులా తిరిగినదాన్ని కాబట్టి చెబుతున్నాను, డబ్బు సంగతి తర్వాత, ముందు వీసా చూసుకోండి.

మీరున్నది ఐర్లండ్. బెల్‌ఫాస్ట్, ఎడిన్‌బరా, గ్లాస్గో యూకేలో ఉన్నాయి. మీ ఐఆర్‌పీ కార్డు, అంటే ఐర్లండ్‌లో ఉండటానికి ఇచ్చిన కార్డు, యూకేలో చెల్లదు. విజిటర్ వీసా విడిగా తీసుకోవాలి, దాని ఫీజే 100 పౌండ్లు దాటుతుంది. బెల్‌ఫాస్ట్‌కి బస్సులో పోతే సరిహద్దు ఎక్కడ దాటామో కూడా తెలీదు. రోడ్డు పక్క బోర్డుల మీద కిలోమీటర్లు పోయి మైళ్ళు వస్తాయి, అంతే. ఎవరూ ఆపరు, వెళ్ళి వచ్చేయొచ్చు అని మీకు చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. వాళ్ళ మాట వినకండి. అప్పుడప్పుడూ బస్సు ఆపి కాగితాలు అడుగుతారు. ఒక్కసారి దొరికితే ఆ తర్వాత నింపే ప్రతి వీసా ఫారంలోనూ దాని గురించి రాసుకోవాల్సి వస్తుంది. మా జూనియర్ ఒకమ్మాయి ఎడిన్‌బరా విమానం ఎక్కబోతూ గేటు దగ్గరే ఆగిపోయింది. ఐఆర్‌పీ కార్డు చూపిస్తే, యూకే వీసా ఏదన్నారు. టికెట్ డబ్బూ పోయింది, అక్కడ బుక్ చేసుకున్న మంచం డబ్బూ పోయింది. ఆ సాయంత్రం ఫోన్ చేసి ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తుంది.

తిరిగి రావడానికి మాత్రం ఇబ్బంది లేదు. రీ-ఎంట్రీ వీసా 2019లోనే తీసేశారు. ఐఆర్‌పీ గడువు తీరకుండా ఉంటే చాలు. ఇంకోమాట, రేపు అమ్మానాన్నలు ఇండియా నుంచి చూడ్డానికి వస్తే వాళ్ళ విజిట్ వీసా మీద బీఐవీఎస్ (బ్రిటిష్-ఐరిష్ వీసా పథకం) అని ఉందేమో చూడండి. ఉంటే ఆ ఒక్క వీసాతో రెండు దేశాలూ తిరగొచ్చు. మన స్టూడెంట్ వీసాలకి ఆ వెసులుబాటు లేదు.

ఇప్పుడు ప్లాన్ సంగతి. తొమ్మిది రోజుల్లో ఆరు ఊళ్ళంటే సగం సెలవు బస్సు కిటికీలోంచే గడిచిపోతుంది. ఎడిన్‌బరా నుంచి ఇన్వర్‌నెస్‌కే రైల్లో మూడున్నర గంటలు, మళ్ళీ రావడానికి అంతే. వీసా వచ్చాక ఎడిన్‌బరాలో మూడు రాత్రులు, గ్లాస్గోలో రెండు రాత్రులు ఉండండి. సరస్సులు, కొండలు చూడాలని ఉంటే గ్లాస్గో క్వీన్ స్ట్రీట్ స్టేషన్‌లో బాలోక్ రైలెక్కండి, గంటలోపే లోక్ లోమండ్ ఒడ్డున దిగుతారు. ఆగస్టులో మాత్రం వద్దు. ఎడిన్‌బరాలో 1947 నుంచి నడుస్తున్న పెద్ద ఫెస్టివల్ అప్పుడే. మామూలు రోజుల్లో నాలుగు రాత్రులకి అయ్యే డబ్బు అప్పుడు ఒక్క రాత్రికి అడుగుతారు.

ఎడిన్‌బరాలో కాళ్ళుంటే చాలు. కోట టికెట్ ఖరీదు, డబ్బు తక్కువుంటే బయట నుంచే చూడండి. మధ్యాహ్నం ఒంటిగంటకి కోట మీద ఫిరంగి పేలుస్తారు, 1861 నుంచీ ఉన్న ఆనవాయితీ. ఆదివారం, గుడ్ ఫ్రైడే, క్రిస్మస్ నాడు పేల్చరు. ఛాంబర్స్ స్ట్రీట్‌లోని నేషనల్ మ్యూజియం ఉచితం. క్లోనింగ్‌తో పుట్టిన గొర్రె డాలీ ఉన్నది అక్కడే. దాని మేడ మీదికెక్కితే కోటతో సహా ఊరంతా కనిపిస్తుంది, ఎవరూ పైసా అడగరు. ఆర్థర్స్ సీట్ కొండ ఎత్తు 251 మీటర్లే, అయినా పైన గాలి మనిషిని తోసేస్తుంది. గొడుగు దండగ, రెండో రోజుకే పుల్లలు విరుగుతాయి. టోపీ ఉన్న వాన జాకెట్ ఒకటి కొనుక్కోండి, నాలుగేళ్ళు పనికొస్తుంది.

మా గ్లాస్గోని చాలామంది ఒక పూటలో చూసేసి పోతారు, నాకు బాధేస్తుంది. కెల్విన్‌గ్రోవ్ మ్యూజియంకి ఒక రోజు ఇవ్వండి. అదీ ఉచితమే. సాధారణంగా మధ్యాహ్నం ఒంటిగంటకి హాల్లో పెద్ద పైప్ ఆర్గన్ వాయిస్తారు, నేల మీద కూర్చుంటే ఆ నాదం వెన్నులోకి ఎక్కుతుంది. కింది అంతస్తులో సర్ రోజర్ అనే ఏనుగు ఉంది. మన ఆసియా ఏనుగే, ఇక్కడి జూలో ఉండేది, అదుపు తప్పిందని 1900లో కాల్చేస్తే, తోలుతో బొమ్మ చేసి పెట్టారు. మా అమ్మ దాని ముందు నిలబడి చేతులు జోడించింది. బరెల్ కలెక్షన్, రివర్‌సైడ్ మ్యూజియం కూడా ఉచితమే. ఊళ్ళో సబ్‌వే 1896 నాటిది, 15 స్టేషన్లు, గుండ్రంగా తిరిగి ఎక్కిన చోటికే వస్తుంది. ఆదివారం గురుద్వారాకి వెళ్తే లంగర్‌లో కడుపునిండా పప్పు, రొట్టె పెడతారు. తల మీద గుడ్డ కప్పుకుని వెళ్ళండి, తిన్నాక గిన్నెలు కడగడంలో ఒక చెయ్యి వెయ్యండి.

ఇక్కడ హాస్టల్ అంటే మన కాలేజీ హాస్టల్ కాదు, రాత్రికింత అని మంచం అద్దెకిచ్చే చోటు. గదిలో ఆరు నుంచి పన్నెండు బంకులుంటాయి. లాకర్ ఉంటుంది, తాళం మీరే తెచ్చుకోవాలి. తువ్వాలు అద్దెకిస్తారు, కాబట్టి ఇంటి నుంచి పల్చటిది తెచ్చుకోండి. కిచెన్ ఉన్న హాస్టలే చూసుకోండి, రోజుకి రెండు పూటల ఖర్చు మిగులుతుంది. అక్కడ పోపు మాత్రం పెట్టకండి. ఒకచోట ఎండుమిరపకాయల ఘాటుకి అలారం మోగి, పడుకున్నవాళ్ళందరూ దుప్పట్లు కప్పుకుని రాత్రి పదింటికి చలిలో రోడ్డు మీద నిలబడ్డాం. ఇంట్లోనే పోపు వేసి, చింతపండు పులుసు ఉడికించి డబ్బాలో పెట్టుకెళ్తే అక్కడ అన్నం ఒకటి వండుకుని కలుపుకుంటే పులిహోర. ఆ డబ్బా మూత మాత్రం గట్టిదై ఉండాలి, లేకపోతే బట్టలన్నీ పసుపే. విమానంలో వెళ్తే చేతి బ్యాగులో పులుసు పెట్టకండి, కొన్ని ఎయిర్‌పోర్టుల్లో ద్రవాల కింద లెక్కేసి తీసేస్తారు. పొడులు పట్టుకెళ్ళండి.

స్కాట్లండ్ బ్యాంకులు వాటి నోట్లు అవే అచ్చేసుకుంటాయి. మిగిలితే అక్కడే ఖర్చు పెట్టేయండి, ఇంగ్లండ్‌లో కొన్ని షాపులు తీసుకోవు.

డబ్లిన్ నుంచి, అదే విద్యార్థి:

అక్కా, చాలా థ్యాంక్స్. బెల్‌ఫాస్ట్‌కి కూడా వీసా కావాలని మాకు నిజంగా తెలీదు. టికెట్లు కొనలేదు. ఈస్టర్‌లోపు వీసా రాకపోవచ్చు. అయితే ఈసారికి ఐర్లండ్‌లోనే తిరిగితే ఎలా ఉంటుంది?

గాల్వే నుంచి:

చాలా బావుంటుంది తమ్ముడూ. మీ డబ్బులకి అదే సరైన ట్రిప్. ముందు మీరున్న ఊరే చూడండి. బస్సులకీ రైళ్ళకీ పనికొచ్చే స్టూడెంట్ లీప్ కార్డు తీసుకున్నారా? 90 నిమిషాల్లో ఎన్ని బస్సులు, రైళ్ళు మారినా 1 యూరోనే. దాంతోనే డార్ట్ రైల్లో హౌత్ దాకా పోయి కొండ అంచున నడవొచ్చు. కిల్డేర్ స్ట్రీట్‌లో ఆర్కియాలజీ మ్యూజియం ఉచితం. అక్కడ ఓల్డ్ క్రోఘన్ మనిషి అనే పాతకాలపు శవం ఉంది. 2003లో బురద నేలలో దొరికాడు, వయసు రెండువేల ఏళ్ళ పైమాటే. తల లేదు, నడుము కింద లేదు. కానీ చేతులు చూడండి. వేళ్ళ మీది గీతలు, గోళ్ళు నిన్న మొన్నటి మనిషివిలా ఉంటాయి. నేను ఆ అద్దం ముందు చాలాసేపు ఉండిపోయాను. డబ్లిన్ క్యాజిల్ ఆవరణలో చెస్టర్ బీటీ మ్యూజియం ఉంది, మన మొఘల్ చిత్రాలు దాని దగ్గర మంచివున్నాయి, అదీ ఉచితమే.

తర్వాత గాల్వే రండి, బస్సులో రెండున్నర గంటలు. ఇక్కడి నుంచి మోహర్ క్లిఫ్స్‌కి టూర్ అక్కర్లేదు, బస్ ఏరన్ కంపెనీ 350 నంబరు బస్సు డూలిన్ మీదుగా అక్కడికే పోతుంది. ఎంట్రీ ముందే ఆన్‌లైన్‌లో కొనండి, తక్కువ పడుతుంది. అంచు 214 మీటర్ల ఎత్తు, ఫోటో కోసం కంచె దాటొద్దు. తిరుగు బస్సు టైము దిగగానే చూసుకోండి, అవి తరచుగా ఉండవు.

రోజులు మిగిలితే కార్క్ వెళ్ళండి. 1788 నుంచి నడుస్తున్న ఇంగ్లిష్ మార్కెట్, షాండన్ చర్చి గోపురం చూడండి. దాని నాలుగు గడియారాలూ ఒక్కోటి ఒక్కో టైము చూపిస్తాయని ఊరివాళ్ళు దాన్ని నాలుగు ముఖాల అబద్ధాలకోరు అంటారు.

గాల్వేలో సాయంత్రం సాల్ట్‌హిల్ ఒడ్డున చివరిదాకా నడిచి, అక్కడి గోడని కాలితో ఒకటి తన్ని వెనక్కి తిరగాలి, అది ఇక్కడి పద్ధతి. వచ్చే రోజు ముందుగా ఒక మెసేజ్ పెట్టండి. ముగ్గురికీ అన్నం, ముద్దపప్పు, ఆవకాయ మా ఇంట్లోనే.