గరిక పుప్పొడికి పాజిటివ్ వస్తే పల్లీలు బంద్ చెయ్యాల్నా?

చెరువుగట్టు: తెలిసినోళ్ల పిల్ల, 9 ఏండ్లు, హన్మకొండ. తుమ్ములకని రక్తపరీక్ష చేయిస్తే ఐజీఈ (అలర్జీ యాంటీబాడీ) గరిక పుప్పొడికి 18, పల్లీకి 1.4 వచ్చింది. పల్లి చట్నీ రోజూ తింటది, ఎన్నడూ ఏం కాలే. రిపోర్టు మీద ‘పల్లీ మానాలె’ అని ఉంది.

కాజీపేట జంక్షన్: తిని అరిగించుకుంటున్న పిల్లకు ఎందుకు మాన్పుడు? ఐజీఈ ప్రొటీన్ పేరు చూడదు, పైకి కనిపించే ఆకారాన్ని పట్టుకుంటది. ప్రొఫిలిన్ అని మొక్కలల్ల ఉండే ప్రొటీన్ ఒకటుంది, అది గరికల, పల్లీల దగ్గరదగ్గర ఒకే తీరుగ ఉంటది. పుప్పొడి ప్రొటీన్లకు అతుక్కున్న చక్కెర గొలుసులు పల్లీలోనూ ఉంటయ్. వాటితోని టెస్ట్ పాజిటివ్ వస్తది, ఒంటికి మాత్రం మామూలుగ ఏం కాదు.

ఏనుమాముల: 0.35 దాటితే పాజిటివ్. ఇది నాలుగింతలు. గీత ఎందుకు గీసిన్రు మరి?

కాజీపేట జంక్షన్: ఆ గీత ఐజీఈ ఉందని చెప్తది, జబ్బుందని కాదు. తేల్చాలంటే అరా హెచ్ 2కు, అంటే పల్లీల అసలు రియాక్షన్ తెచ్చే ప్రొటీన్‌కు, ఐజీఈ పరీక్ష విడిగా చేయించాలె.

పరకాల: ఉడకబెట్టి పెడితే అయిపాయె. వేడికి ప్రొటీన్ చస్తది.

కాజీపేట జంక్షన్: ప్రొఫిలిన్ చెడిపోతది, నిజమే. అరా హెచ్ 2 చెడిపోదు. డైసల్ఫైడ్ బంధాలు (గంధకం ముడులు) దాన్ని బిగించి పెడతయ్, కడుపుల ప్రొటీన్‌ను అరిగించే పెప్సిన్ కూడా తొందరగా కొయ్యలేదు. ఉడికిస్తే కొంత నీళ్లలకు దిగుతది, అంతే. వేయిస్తే ఐజీఈ ఇంకా గట్టిగ పట్టుకుంటది.

పరకాల: కొంత దిగుతదని నువ్వే అంటున్నవ్. నేనన్నదీ అదే.

కాజీపేట జంక్షన్: కొంత దిగితే మిగిలింది చాలదా, అన్నా? అసలు అలర్జీ ఉన్నోనికి ఉడికిన పల్లీ కూడా ప్రమాదమే. ఈ మాట ఎవరన్న నమ్మి పెడితే?

ఏనుమాముల: గంత భయముంటే ‘తినుమని’ ఎట్ల చెప్తివి? ములుగు దిక్కు ఊర్లల్ల రాత్రిపూట అలర్జీతోని గొంతు వాస్తే, ప్రాణం కాపాడే అడ్రినలిన్ సూది ఎక్కడ దొరుకుతది? ప్రొఫిలిన్ లెక్కలు సరే. తొడ బయటివైపు కండరానికి, కిలోకు 0.01 మిల్లీగ్రాముల లెక్కన సూది వేసేటోడు పక్కన ఉండాలె కదా. నా కొట్లాట దాని మీద.

కాజీపేట జంక్షన్: ఇది ముందే చెప్తే ఇంత లొల్లి ఉండకపోవు. సూది మాట ఒప్పుకుంటున్న. నా కోపం తుమ్ములకు వచ్చిన పిల్లకు తిండి ప్యానెల్ (తిండి అలర్జీ పరీక్షల మూట) అంటగట్టినందుకు. తింటున్నది ఊరికే ఆపితే పల్లీని ఒళ్లు తట్టుకునే ఓర్పు పోయి, మళ్ల తిన్ననాడు నిజంగనే రియాక్షన్ వచ్చే ప్రమాదముంది.

ఏనుమాముల: అట్లయితే అలర్జీ డాక్టర్ చూసి చెప్పాలె, మనం కాదు.

కాజీపేట జంక్షన్: సరే. చెరువుగట్టు, పిల్లకు ఆస్తమా ఉందా? పల్లీ తిన్న రెండు గంటల లోపల దద్దుర్లు, వాంతి, దగ్గు ఎన్నడన్న వచ్చినయా? ఇవి అడిగి రాసుకోని, రిపోర్టుతో పాటు డాక్టర్‌కు చూపెట్టుమను.