రెస్టారెంట్ వైఫైలో బ్యాంకు పని చేసుకోవచ్చా? స్పీడ్ బాగానే చూపిస్తున్నా కాల్ ఎందుకు తెగుతోంది?

కొండాపూర్_వాసి:
మా వీధిలో మధ్యాహ్నం కరెంటు పోతోంది, ఇన్వర్టర్ మీద రూటర్ ఎక్కువసేపు నిలవట్లేదు. అందుకని లాప్‌టాప్ పట్టుకుని దగ్గర్లోని రెస్టారెంట్‌లో కూర్చుంటున్నా. వైఫై పాస్‌వర్డ్ ప్రతి టేబుల్ మీదా అంటించి ఉంటుంది, కనెక్ట్ అవగానే ఒక పేజీ వచ్చి ఫోన్ నంబర్ అడిగి ఓటీపీ పంపుతుంది. పాస్‌వర్డ్ ఉంది కాబట్టి దాని మీద నెట్‌బ్యాంకింగ్, యూపీఐ చేయొచ్చా? మా అన్నయ్యేమో పబ్లిక్ వైఫై ముట్టుకుంటే అకౌంట్ ఖాళీ అయిపోతుందంటున్నాడు. ఇంకోటి, స్పీడ్ టెస్ట్‌లో 60 ఎంబీపీఎస్ పైనే వస్తోంది, కానీ వీడియో కాల్‌లో నా గొంతు ముక్కలు ముక్కలుగా వినపడుతోందట. లంచ్ టైంలో మరీ ఘోరం. వచ్చే వారం ఇంటర్వ్యూ ఉంది, టెన్షన్‌గా ఉంది.

పోర్ట్443:
టేబుల్ మీద అందరికీ కనపడే పాస్‌వర్డ్ పక్క టేబుల్ మనిషి నుంచి మిమ్మల్ని కాపాడదండీ. డబ్ల్యూపీఏ2 అనే వైఫై భద్రతా పద్ధతిలో అందరిదీ ఒకే పాస్‌వర్డ్, కాబట్టి మీ ఫోన్ కనెక్ట్ అయ్యేటప్పుడు రూటర్‌తో జరిగే హ్యాండ్‌షేక్‌ని (మొదట ఇచ్చిపుచ్చుకునే సందేశాలని) పట్టుకోగలిగితే, ఆ తర్వాత మీ ట్రాఫిక్ (వచ్చీపోయే డేటా) మీద వైఫై వేసిన ఎన్‌క్రిప్షన్‌ని, అంటే రహస్య కోడ్‌ని, వాడు విప్పేయగలడు. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 ఈ లోటు తీర్చింది గానీ చాలా చోట్ల ఇంకా పాత రూటర్లే నడుస్తున్నాయి.

అయినా మీ అన్నయ్య చెప్పినంత ప్రమాదం ఇప్పుడు లేదు. 2010లో ఉండేది. ఆ ఏడాది ఫైర్‌షీప్ అని ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కి ఒక ఎక్స్‌టెన్షన్ (తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్) వచ్చింది, ఓపెన్ వైఫైలో దాన్ని ఆన్ చేస్తే చుట్టుపక్కల వాళ్ల ఫేస్‌బుక్ అకౌంట్లు పక్కనే వరసగా వచ్చేవి, ఒకదాని మీద నొక్కితే చాలు, పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి వెళ్లిపోవచ్చు. అప్పట్లో చాలా సైట్లు లాగిన్ వరకే ఎన్‌క్రిప్షన్ వాడి, తర్వాతదంతా మామూలుగా పంపేవి. ఇప్పుడు సైటుకీ మీకూ మధ్య అంతా ఎన్‌క్రిప్ట్ చేసే హెచ్‌టీటీపీఎస్ దాదాపు అంతటా ఉంది. మీ బ్యాంకు సైటైనా, యూపీఐ యాపైనా ఫోన్ నుంచి సర్వర్ దాకా సొంతంగా ఎన్‌క్రిప్ట్ చేసుకునే పంపుతుంది. మధ్యలో వాళ్లకి మీరు ఏ సైటుకి వెళ్లారో తెలియొచ్చు, పాస్‌వర్డూ పిన్నూ మాత్రం కనపడవు. అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ కూడా 2023లో ఇదే కారణం చెప్పి, పబ్లిక్ వైఫై మామూలుగా సురక్షితమేనని ప్రజలకు చెప్పింది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా. మీ కనెక్షన్ ప్రైవేట్ కాదని బ్రౌజర్ వార్నింగ్ ఇస్తే, దాన్ని దాటేసి ముందుకు వెళ్లొద్దు. ఆ సైటు మూసేసి మొబైల్ డేటాకి మారండి.

బెజవాడ_కేబుల్:
నేను హోటళ్లకి వైఫై, సీసీ కెమెరాలు బిగిస్తుంటాను, స్పీడ్ సంగతి నేను చెప్తా తమ్ముడూ. మీరు చూస్తున్న 60 డౌన్‌లోడ్. కాల్‌లో మీ గొంతు వెళ్లేది అప్‌లోడ్‌లో. అదే లైను మీద కెమెరాల రికార్డింగ్ క్లౌడ్‌కి ఎక్కుతుంటే, బిల్లింగ్, ఆర్డర్ల ట్యాబ్లెట్లు నడుస్తుంటే మీకు మిగిలేది ఎంత? పైగా వైఫైలో ఒక చానల్ (రేడియో దారి) మీద ఒకసారికి ఒక్కరే మాట్లాడాలి, మిగతావాళ్లు ఆగాలి. మూల టేబుల్లో సిగ్నల్ సరిగా అందని ఫోన్ ఒకటి వీడియో చూస్తుంటే అది నెమ్మదిగా పంపుకుంటూ అందరి టైమూ తినేస్తుంది. లంచ్‌కి జనం నిండితే కాల్ తెగడానికి ఇదే ముఖ్య కారణం.

ఓనర్లు రూటర్ ఎక్కడ పెట్టమంటారో తెలుసా? క్యాష్ కౌంటర్ కింద, స్టీలు అరలో, ఫ్రిజ్ పక్కన! ఎంత చెప్పినా వినరు. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదానికొకటి అడ్డం రాని చానళ్లు 1, 6, 11 మూడే, పక్క షాపులన్నీ వాటి మీదే ఉంటాయి, కిచెన్‌లో మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఆ బ్యాండ్‌లోనే పనిచేస్తుంది. రెండు పేర్లు కనపడితే చివర 5జీ అని ఉన్నదానికి కనెక్ట్ అవ్వండి (అది మొబైల్ 5జీ కాదు, 5 గిగాహెర్ట్జ్), రూటర్ కనపడే టేబుల్ చూసుకోండి. ఇంటర్వ్యూకి మాత్రం ఈ తిప్పలేవీ వద్దు, మీ ఫోన్ హాట్‌స్పాట్‌నే యూఎస్‌బీ కేబుల్‌తో లాప్‌టాప్‌కి పెట్టుకోండి.

సుజాత_వైజాగ్:
ఓటీపీ అడిగారని కంగారు పడక్కర్లేదు. 2008లో అహ్మదాబాద్ పేలుళ్లకి కాస్త ముందు బెదిరింపు మెయిల్ నవీ ముంబైలో ఎవరిదో ఓపెన్ వైఫై నుంచి వెళ్లింది, ఆ తర్వాతే 2009లో టెలికాం శాఖ పబ్లిక్ వైఫై వాడేవాళ్ల గుర్తింపు తీసుకోవాలని ఆదేశాలిచ్చింది. కానీ అదే పేజీ జీమెయిల్ పాస్‌వర్డో కార్డు నంబరో అడిగినా, ఏపీకే ఫైలో (ఆండ్రాయిడ్ యాప్ ఫైలు) సర్టిఫికెటో ఇన్‌స్టాల్ చేయమన్నా వెంటనే బయటికి వచ్చేయండి. నెట్‌వర్క్ పేరు అచ్చం అలాగే పెట్టుకుని ఎవరైనా తమ హాట్‌స్పాట్ ఆన్ చేయొచ్చు, అందుకే కౌంటర్‌లో పేరు అడిగి మరీ కనెక్ట్ అవ్వాలి, ఆటో కనెక్ట్ ఆపేయాలి. ఎప్పుడైనా డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

కొండాపూర్_వాసి:
అందరికీ థాంక్స్. మన డేటానంతా ఎన్‌క్రిప్ట్ చేసి తమ సర్వర్ మీదుగా పంపే ఉచిత వీపీఎన్ యాప్ ఒకటి వేసుకుంటే ఇంకా మంచిదా?

పోర్ట్443:
వద్దండీ. రెస్టారెంట్ వాళ్లకి కనపడేదంతా అప్పుడు ఆ వీపీఎన్ కంపెనీకి కనపడుతుంది, వాళ్లెవరో మీకు తెలియదు. ఆఫీసు వాళ్లిచ్చిన వీపీఎన్ ఉంటే ఆఫీసు పనికి అది వాడండి. బ్యాంకు పని మొబైల్ డేటాలో కానిచ్చేయండి, దానికి కొన్ని ఎంబీలు కూడా ఖర్చవవు.